నిమిషంలో సుధారాణి

సెప్టెంబరు 5, శుక్రవారం. ఉదయం 6:10

ఈ రోజు నుంచి కొత్త పని. నన్ను నేను పరిచయం చేసుకునే వీడియో ఒకటి తీసి పంపాలి. నిడివి ఒక నిమిషం. గడువు 25వ తేదీ.

కారణం సౌజన్య. నా దగ్గర అకౌంట్స్ ట్యూషన్‌కు మిగిలిన ఒకే ఒక్క పిల్ల. నిన్న సాయంత్రం పుస్తకం మూసి, "మేడమ్, ఇంకో రెండు వారాలే వస్తాను. మమ్మీ ఆన్‌లైన్‌లో చేర్పించింది" అంది. ముప్పై ఏళ్ళు బడిలోనూ, తర్వాత పదేళ్ళు బిర్సానగర్‌లోని మా ఇంటి ముందుగదిలోనూ బ్లాక్‌బోర్డు మీద డెబిట్, క్రెడిట్ చెప్పాను. పిల్లలు ఫోన్‌లోకి పోతే నేనూ ఫోన్‌లోకే పోతాను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఒక సంస్థకు దరఖాస్తు పెట్టాను. వయసు అడ్డు కాదట. మొదటి మెట్టు ఈ వీడియో.

రెండో కారణం మా కోడలు పద్మశ్రీ. దసరాకి ముందుగదిలో సోఫా వేయాలని ఆమె ముచ్చట. సోఫా పట్టేది బోర్డు ఉన్న గోడ దగ్గరే. రాత్రి భోజనాల దగ్గర ఒప్పందం కుదిరింది. 25లోపు వీడియో వెళ్తే బోర్డు ఉంటుంది. వెళ్ళకపోతే 26న దిగుతుంది. సాక్షి మా అబ్బాయి చంద్రశేఖర్. అన్నం కలుపుకుంటూ తలూపాడు. ఎవరి వైపు ఊపాడో తెలియలేదు.

నియమాలు:
ఎవరి సాయమూ అడగను.
రోజుకు ఒక్కసారే తీస్తాను. పరీక్షలో జవాబు రెండుసార్లు రాయనివ్వరు.
గొప్పలు చెప్పుకోను.
నవ్వుతాను. ఇది నా నియమం కాదు, సంస్థవారిది.

నిమిషం పనికి ఇరవై రోజులు. పదో తేదీకల్లా పంపి కూర్చుంటాను.

సెప్టెంబరు 6, శనివారం. ఉదయం 11:00

సంస్థవారు మూడు ప్రశ్నలిచ్చారు. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం చేస్తారు. ఏ వరసలో అడిగితే ఆ వరసలోనే, పూర్తిగా జవాబు రాయాలని పిల్లలకు ఇన్నేళ్ళు చెప్పినదాన్ని. నేనూ అలాగే రాశాను. రెండు పేజీలు వచ్చింది. తగ్గించి పేజీన్నర చేశాను.

ఫోన్‌కు స్టాండు కొంటానన్నాడు అబ్బాయి. అక్కర్లేదన్నాను. రవ్వ డబ్బాకు ఆనించి రబ్బరు బ్యాండు వేస్తే కదలకుండా నిలబడింది.

సాయంత్రం 5:30

తీయలేదు. వినాయకుడి ఊరేగింపు మా వీధిలోంచి వెళ్ళింది. ఆ డప్పుల్లో ఎవరి పరిచయం ఎవరికి వినిపిస్తుంది.

సెప్టెంబరు 7, ఆదివారం. ఉదయం 7:00

తీశాను. ఎక్కడా తడబడలేదు. పంపేముందు మనవరాలు బిందుప్రియకు చూపించాను. సాయం కాదు, తనిఖీ. పిల్ల కాలేజీలో చదువుతోంది. తెలుగులో ఏమడిగినా హిందీలోనే బదులిస్తుంది.

"దాదీ, ఇస్‌మే దాదాజీ దో బార్ రిటైర్ హో గయే. ఆప్ తో ఆయీ హీ నహీ."

నిజమే. ఆ నిమిషంలో మావారు ఈ ఊరి ఉక్కు కంపెనీలో చేరి, రిటైరై, కాంట్రాక్టులో మళ్ళీ చేరి, మళ్ళీ రిటైరయ్యారు. నేనింకా రాలేదు.

"ముందు ఆయన సంగతి చెప్పకపోతే ఎలాగే? ఈ ఊళ్ళో ఎవరైనా ముందడిగేది ఏ డిపార్ట్‌మెంటనే కదా?"

"ఆన్‌లైన్‌వాలే యహా కే నహీ హై, దాదీ."

వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు. ఆ మాట ఒప్పుకున్నాను. మావారి మొదటి రిటైర్మెంటు ఉంచి, రెండోది కొట్టేశాను.

సెప్టెంబరు 9, మంగళవారం. ఉదయం 9:30

నవ్వు సాధన. బీరువా అద్దం ముందు నిలబడి, పైపళ్ళు కనిపించేలా, కళ్ళు చిట్లకుండా.

పద్మశ్రీ బట్టలు మడతపెడుతూ చూసింది. "ఏటత్తా, పన్ను నొప్పా? లవంగం ఇమ్మంటావా?"

"నవ్వుతున్నాను."

"ఎవరి మీద?"

లవంగం మాత్రం తీసుకున్నాను. ఊరికే వదలడమెందుకు.

సెప్టెంబరు 11, గురువారం

తీశాను. సరిగ్గా మా నాన్నగారి ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి షిఫ్టు సైరను, కంపెనీ భోంపు మోగింది. నలభై అయిదేళ్ళుగా ఆ భోంపు వినే గడియారం సరిచేసుకుంటున్నాను. అలాంటిది నేనే మరచిపోయాను. వీడియోలో పోస్టుమాస్టరైన మా నాన్నగారి నోటి నుంచి భోంపు వచ్చినట్టుంది. పనికిరాదు.

సెప్టెంబరు 12

వాన. కరెంటు లేదు. తీయలేదు.

సెప్టెంబరు 13

తలంటుకున్నాను. జుట్టు ఆరలేదు. తీయలేదు.

సెప్టెంబరు 14

తీశాను. కళ్ళజోడులో రెండు ట్యూబులైట్లు వెలుగుతూ కనిపించాయి. కళ్ళజోడు తీస్తే కాగితం కనిపించదు. కాగితం లేకపోతే మా ఊరు నరసన్నపేట నుంచి కదలలేను.

సెప్టెంబరు 15

తీయలేదు. కారణం ఏమీ లేదు.

సెప్టెంబరు 16, మంగళవారం. సాయంత్రం 4:00

సౌజన్య చివరి పాఠం ఈ రోజే. తరుగుదల లెక్క. బోర్డు మీద సగం చేయించాను. మిగతా సగం ఇంటికి ఇచ్చాను. ఎప్పుడు చూపించాలో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. బోర్డు తుడవలేదు.

పద్మశ్రీ టేపు తెచ్చి గోడ కొలిచింది. నేను చూడనట్టు చూశాను.

సెప్టెంబరు 17, బుధవారం. విశ్వకర్మ పూజ

ఈ రోజు పనిముట్టు ముట్టకూడదు. మావారు ఉన్నన్నాళ్ళూ ఈ రోజు ఇంట్లో స్క్రూడ్రైవరు కూడా తీయనిచ్చేవారు కాదు. ఆయన స్పానర్లూ టేపూ పీటమీద పెట్టి, గంధం, కుంకుమ, రెండు బంతిపూలు. ఇప్పుడు నా పనిముట్టు ఫోనే కదా. దాన్నీ పెట్టాను. బొట్టు ఎక్కడ పెట్టాలో కాసేపు తెలియలేదు. చివరకు పైన మధ్యలో, మనిషికి నుదురుండే చోట పెట్టాను.

వీడియో తీయలేదు. ఇది సాకు కాదు. శాస్త్రం.

సెప్టెంబరు 18, గురువారం. ఉదయం 6:40

పొడిబట్టతో ఫోన్ తుడిచాను. గంధంరంగు పట్టుచీర కట్టుకున్నాను. దుస్తులు హుందాగా ఉండాలన్నారు. తీశాను. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ముఖం మీద ఉదయపు ఎరుపు, చుట్టూ మెత్తటి వెలుగు. నవ్వాను కూడా.

సందేహాలు ముందే తీర్చేద్దామని కొన్ని మాటలు చేర్చాను. షుగరు లేదు. బీపీ లేదు. సొంత ఇల్లు. పెన్షన్ వస్తుంది. మావారు పోయి ఆరేళ్ళు. అబ్బాయి స్థిరపడ్డాడు, నా మీద ఏ బాధ్యతా లేదు. పాఠాలకు నాగా పెట్టనని వాళ్ళకు తెలియాలి కదా. "ఏం చేస్తారు" అన్న మూడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నిమిషం అయిపోయింది. రెండు ప్రశ్నలకైనా పూర్తి మార్కులు రావాలి. మూడోది దరఖాస్తులో ఎలాగూ రాశాను.

ఉదయం 8:15

పంపేముందు నలుగురి అభిప్రాయం తీసుకోవడం మంచిదని తెలుగు మహిళల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "ఉద్యోగానికి పంపే వీడియో, లోపాలుంటే తెలపండి" అని కింద రాశాను.

ఉదయం 8:40

పదకొండు మంది చేతులు జోడించారు. అనిత "కళగా ఉన్నారు ఆంటీ" అని రాసింది. లోపం ఒక్కరూ చెప్పలేదు. రేపు పంపేస్తాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఎవరో నా వీడియోను ఇంకో గ్రూపుకు పంపారట. అక్కడి నుంచి ఇంకోదానికి. నేను రాసిన మాట వెంట వెళ్ళలేదు, వీడియో ఒక్కటే వెళ్ళింది. మార్కెట్లో కూరలమ్మాయి నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారణం తెలియలేదు. ఈ గందరగోళంలో పంపడం మంచిది కాదు. రేపు.

సెప్టెంబరు 20, శనివారం. మధ్యాహ్నం 3:20

ఫోన్ వచ్చింది. నది అవతలి మాంగో పేట నుంచి, కల్యాణి అట. ఎవరో ఎరగను. గొంతులో చాలా మర్యాద. మాటలు పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అమ్మగారూ, మీ వీడియో సూసేనండి. మా ఇంట్లో అందరికీ నచ్చీసేరు."

పాఠాల సంస్థ తరఫున అనుకున్నాను. "సంతోషం. ఎప్పటి నుంచి మొదలుపెట్టమంటారు?"

"అంత తొందరేటి లేదండి. ముందు మా మామగారిని ఓపాలి సూడండి. బలరామ్ గారని, డెబ్బైమూడేళ్ళు. కంపెనీలో క్రేన్ నడిపేవోరు. మా అత్తగారు పోయి నాలుగేళ్ళయ్యింది. బీపీ ఉన్నాది గానండి, మాత్ర ఏస్కుంటారు. పేచీ పెట్టే మనిషి కాదు."

"ఆయనకి అకౌంట్స్ ఎందుకమ్మా?"

"అకౌంట్సేటండి?"

"మరి మీరు ఫోన్ చేసింది దేనికి?"

"సంబంధానికండి."

అప్పుడు వీడియో మొత్తం నా కళ్ళ ముందు మళ్ళీ నడిచింది. పట్టుచీర. ఎర్రటి వెలుగు. ఇంటిపేరు, గోత్రం, సొంత ఊరు. షుగరు లేదు. ఏ బాధ్యతా లేదు. చివర నవ్వు.

"అమ్మాయ్, నేను ఉద్యోగానికి తీసుకున్న వీడియో అది."

"అయ్యో అయ్యో. ఈ రోజుల్లో పెద్దోళ్ళు తోడు కోసరం సేసుకుంతన్నారు కదాని... తప్పయిపోయిందండి, ఏటనుకోకండి." వెంటనే ఆపుకోలేక అడిగింది. "ఉద్యోగమంటే, ఏటి సేస్తారండి మీరు? అందులో ఎక్కడా సెప్పలేదు."

ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇంట్లో నవ్వులు. చంద్రశేఖర్ నా ముందు నవ్వడం లేదు. పెరట్లోకి వెళ్ళి నవ్వి వస్తున్నాడు. పద్మశ్రీ, "క్రేన్ నడిపినోడైతే సోఫా ఆయనే దించీగలడు కదత్తా" అంది. బిందుప్రియ నా ఫోన్ తీసుకుని పైభాగం తడిబట్టతో రుద్దింది. బట్టకు కుంకుమ అంటింది. కెమెరా కన్ను సరిగ్గా అక్కడే ఉందట. ఆ ఉదయపు ఎరుపు సూర్యుడిది కాదు.

నవ్వుకోనీ. దానికి బాధ లేదు. బాధ వేరే. వీడియో ఊరంతా తిరిగింది. నేను ఎవరి కూతురినో, ఎవరి భార్యనో, ఎవరి తల్లినో అందరికీ తెలిసింది. ఏం చేస్తానని అడిగింది ఒక్క కల్యాణి. దానికీ నేను జవాబు చెప్పలేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

ఆలోచించి చూస్తే ఆన్‌లైన్ బోధన పద్ధతి కాదు. వెనక బెంచీ పిల్లవాడు ఆవులిస్తే కనిపించదు. సున్నా పక్కన చుక్క పెట్టాడో లేదో కనిపించదు. నాకు ఈ ఉద్యోగం అవసరమూ లేదు. సోఫా మంచిదే. నడుముకు హాయి.

సెప్టెంబరు 25, గురువారం. రాత్రి 8:00

పంపలేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం. సాయంత్రం 6:30

మాట మాటే. ఉదయమే నేను అడిగాను, "బోర్డు ఎప్పుడు దించుతావురా?" అని. చంద్రశేఖర్ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్క్రూడ్రైవరు తీశాడు. "ఉండనీ అమ్మా, దసరా తర్వాత చూద్దాం" అన్నాడు. ఒప్పందం చదివి వినిపించాను. పద్మశ్రీ కూడా నసిగింది. సాయంత్రం అయిదు గంటలకు ఎడమవైపు స్క్రూలు రెండూ ఊడాయి. బోర్డు ఒకవైపుకు వాలింది. సౌజన్య సగంలో వదిలిన తరుగుదల లెక్క కూడా దానితో పాటు వాలింది.

అప్పుడు గేటు చప్పుడు. ఒక నడివయసు ఆడమనిషి, ఆమె వెనకాల పొడుగాటి ముసలాయన. చేతిలో బెల్లం గవ్వల డబ్బా.

"అమ్మగారూ, నేనేనండి కల్యాణిని, మాంగో నుంచి. ఫోన్‌లో తప్పుగా మాటాడీసేను. ఎదర నిలబడి సెప్పుకుందామని వచ్చేం."

ఆ ముసలాయన బలరామ్ గారు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, నాకేటీ తెల్దు. నిన్న తెల్సింది. నాకు పెళ్ళీ వద్దు గిళ్ళీ వద్దు. మా యావిడ ఫోటోకి రోజూ కాఫీ సూపించి తాగుతాను. నాకదే సాలు."

పద్మశ్రీ వంటింట్లోకి పరుగెత్తింది. టీ పెట్టడానికో, నవ్వడానికో. "కూర్చోండి" అన్నాను. ఆయన కుర్చీ చివర కూర్చున్నారు, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోయేటట్టు.

కల్యాణి కూర్చోలేదు. వాలిన బోర్డు వైపు చూస్తూ ఉంది. తల కూడా ఆ వైపుకే వాల్చి లెక్క చదువుతోంది.

"ఇక్కడెవరండి పాఠాలు సెప్పేది?"

చంద్రశేఖర్ స్క్రూడ్రైవరు వెనక్కు దాచుకున్నాడు.

"నేనే. అకౌంట్స్ చెబుతాను. నలభై ఏళ్ళుగా."

"మరా ముక్క వీడియోలో సెప్పాలి గదండి. మీ గోత్రం మాకెందుకు?" అనేసి నాలిక కరుచుకుంది. తర్వాత మెల్లగా తన సంగతి చెప్పింది. ఆమె, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు కలిసి ఆదిత్యపూర్ ఫ్యాక్టరీల వాళ్ళకు పనిబట్టలు కుడతారట. కుట్టు వాళ్ళది. లెక్క రాసేది మాత్రం బయటి మనిషి. నెలాఖరున ఆయన ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతారు.

"ఆ రాసిందేటో మాకు సదవడం వస్తే సాలండి. నేర్పుతారా? ఈ వయసులో మాకు బుర్రకెక్కుతాదంటారా?"

"వయసు సంగతి నాతో మాట్లాడకు. సాయంత్రం అయిదున్నరకు రావాలి. అయిదు ముప్పై అయిదుకు తలుపు వేస్తాను."

"దసరా ఎల్లేక పెతి సోమారం వత్తామండి. ఏడుగురం."

టీ గ్లాసులతో వచ్చిన పద్మశ్రీ గుమ్మంలో ఆగిపోయింది. ఏడుగురు అన్న మాట విని గది కొలిచినట్టు చూసింది. తర్వాత మొగుడితో అంది. "ఆ రెండు స్క్రూలూ కూడా ఇప్పీండి. బోర్డు ఎదర గోడకెక్కించండి, టీవీ పక్కన. ఇటేపు సోఫా ఏస్తాను. ఈల్లు కూకోవాలా వద్దా?"

సోఫాలో కూర్చుని నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు. నడుము వాలితే బుర్ర వాలుతుంది. ఆ మాట అనబోయి, గవ్వ ఒకటి నోట్లో వేసుకున్నాను.

బలరామ్ గారు అప్పుడు కుర్చీలో వెనక్కు జరిగి కూర్చున్నారు. బోర్డు ఎత్తేటప్పుడు, "బాబూ, ఎడమపక్క కిందకి ఉన్నాది, రెండంగుళాలు లేపు" అని కుర్చీలోంచే చెప్పారు. తిన్నగా వచ్చింది.

సెప్టెంబరు 28, ఆదివారం. ఉదయం 9:10

ఆన్‌లైన్ సంస్థ నుంచి సందేశం వచ్చింది. తర్వాతి బ్యాచ్‌కు గడువు అక్టోబరు 20. సోమవారాలు కల్యాణి వాళ్ళకు. మిగతా రోజులు ఖాళీయే. పైగా ఊరంతా చూసిన ఆ వీడియో నా చివరి పరిచయంగా మిగలడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి మళ్ళీ మొదలు. కొత్త నియమాలు:
సాయం అడుగుతాను. బిందుప్రియ తీస్తుంది.
ఎన్నిసార్లయినా తీయవచ్చు.
మొదటి మాటే నా పని గురించి.
గోత్రం లేదు. బీపీ లేదు అని కూడా అనను.

ఉదయం 10:25

బోర్డు ముందు నిలబడి తీశాం. ముందుగా, "అకౌంట్స్ చెబుతాను" అన్నాను. ఎలా చెబుతానో రెండు ముక్కల్లో చూపిద్దామని తరుగుదల మొదలుపెట్టాను. కొన్న ధర, వాడిన ఏళ్ళు, మిగిలిన విలువ. మిగిలిన విలువను సున్నా అని రాసేవాళ్ళంటే నాకు కోపమని కూడా చెప్పాను. నిమిషం పూర్తయింది. సాధన చేయకుండానే నవ్వాను.

బిందుప్రియ ఫోన్ దించి నా వైపు చూసింది. ఈసారి తెలుగులోనే అంది.

"చాలా బాగుంది దాదీ. కానీ నీ పేరు చెప్పలేదు."

రేపు ఉదయం ఏడు గంటలకు మళ్ళీ తీస్తాం.